ఏ పురుగు?

మా మామగారి ఎదురుగా ఎవరూ పురుగు అన్న మాట ఎత్తకూడదు. ఎత్తారో, చేతిలో ఉన్న పని ఎక్కడిదక్కడ ఆపేసి, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, ఎంతో మర్యాదగా "ఏ పురుగు?" అని అడుగుతారు. అడిగాక జవాబు వచ్చేదాకా ఆయన కదలరు, అవతలివాళ్ళని కదలనివ్వరు.

ఆయన వృత్తి అలాంటిది. పెద్దాసుపత్రి లాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని, రోగుల ఒంట్లో పురుగులున్నాయా, ఉంటే ఏ రకానివి అని తేల్చే డాక్టరు. మెడిసిన్ చదివే పిల్లలకు కూడా ఆ పాఠమే చెబుతారు. వాళ్ళు చాటుగా ఆయన్ని పురుగుల మాస్టారు అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. "అందులో తప్పేముంది? ఏ పురుగులో కూడా చెబితే ఇంకా బావుండేది," అంటారు.

నేను ఆయన్ని మొదట చూసింది మా పెళ్ళి మాటలప్పుడు. రెండు కుటుంబాలూ మా ఇంట్లో కూర్చున్నాయి. మా నాన్నకు నన్ను పొగడాలని ఉంది, ఎలా పొగడాలో తెలియలేదు. నేను బట్టలు బాగా కుడతానని అప్పటికే చెప్పేశాడు. ఇంకేదో చెప్పాలి కదా అని, "మా అమ్మాయి పుస్తకాల పురుగండీ," అన్నాడు.

"ఏ పురుగు?" అన్నారు మామగారు.

నాన్న బిత్తరపోయాడు. "అంటే... బాగా చదువుతుందనండీ."

"అది సరేనండీ. పుస్తకాలు పట్టుకునేవి చాలా ఉన్నాయి. బైండు జిగురు నాకేది ఒకటి. కాగితం తొలిచేది ఒకటి. బూజు తప్ప ఇంకేదీ ముట్టనిది మరొకటి. మీ అమ్మాయి వీటిలో ఏది?"

ఆయన పక్కన అత్తయ్య తల పట్టుకుని కూర్చుంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు.

"జిగురేనండీ. కాగితం జోలికి వెళ్ళను," అన్నాను.

ఆయన మొహం చేటంత అయింది. కొడుకు వైపు తిరిగి, "నీ సంగతి నాకు తెలీదు గానీ, నాకు మాత్రం ఈ అమ్మాయి తెగ నచ్చేసింది," అన్నారు. అలా నన్ను ముందు మామగారు కోడల్ని చేసుకున్నారు, ఆ తర్వాత మా ఆయన పెళ్ళి చేసుకున్నాడు.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు వంటింట్లోంచి అత్తయ్య కేక వేసింది, "పిండిలో పురుగు పడింది!" అని. నేను జల్లెడ వెతికేలోపల ఆయన భూతద్దంతో ప్రత్యక్షమయ్యారు.

"ఏ పురుగు?"

"పిండిలో పురుగండీ!"

"అది చిరునామా. నేను పేరడుగుతున్నాను."

దాన్ని అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. "ఇదిగో, ఆరు కాళ్ళు. వీపు మీద పెంకులాంటి రెక్కలు. ఇది పెంకుపురుగు. దీన్ని పట్టుకుని పురుగు అనకూడదోయ్."

"మీరే కదా ఇప్పుడు పెంకుపురుగు అన్నారు!"

"అది ఇంటిపేరు. ఇంటిపేరు చూసి మనిషిని తేల్చేస్తామా?"

అత్తయ్య ఇంటిపేరునీ మనిషినీ కలిపి జల్లించి అవతల పారబోసింది.

మన మాటల మీద ఆయనకు పెద్ద ఫిర్యాదే ఉంది. వానపాము పాము కాదు. కడుపులో ఉండే ఏలికపామూ పాము కాదు. పట్టుపురుగు అసలు పురుగే కాదు, రెక్కలు రావాల్సిన పసిపిల్ల. పిప్పిపన్నులో పురుగు లేదు. పేనుకొరుకుడులో పేనూ లేదు, కొరుకుడూ లేదు. "పూర్వం లోకమంతా ఇంతేనమ్మా," అనేవారు నాతో. "పన్ను నొప్పెడితే పురుగు, తల పోటెత్తితే పురుగు, పిల్లాడు నిద్రలో పళ్ళు కొరికితే పురుగు. ఏ రోగమొచ్చినా పురుగు మీదికి తోసేవాళ్ళు. అది నోరు తెరిచి వాదించుకోలేదు కదా! పోనీ నిజంగా ఉన్నవాటిని సరిగ్గా చూశారా అంటే, అవి కడుపులో వాటంతటవే పుడతాయనుకున్నారు. గుడ్లు పెడతాయని తెలియడానికి ఎంత కాలం పట్టిందో!"

జంతువుల్ని జాతులుగా విడదీసిన పెద్దమనుషుల మీద కూడా ఆయనకు కోపమే. "పాలిచ్చేవి ఒకచోట, పక్షులొకచోట, చేపలొకచోట అని ముచ్చటగా సర్దుకుంటూ వచ్చారు. చివరికొచ్చేసరికి ఓపిక అయిపోయింది. మెత్తగా, ఎముకల్లేకుండా ఉన్నదాన్నల్లా పురుగులని పేరు పెట్టి ఒకే సంచిలో పడేశారు. నత్తని వేశారు. జలగని వేశారు. సముద్రం అడుగున నక్షత్రంలా పడి ఉండేదాన్ని కూడా వేశారు! తర్వాతివాళ్ళకు వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి ఎవరింటికి వాళ్ళని చేర్చడానికి తరాలు పట్టింది."

"మీరింకా తీస్తూనే ఉన్నారా మామయ్యా?"

"పెద్ద సంచి అమ్మా అది," అన్నారు దిగులుగా.

ఈ ఉపన్యాసాలు భోజనాల దగ్గర వద్దని అత్తయ్య శాసనం. చేతులు కడుక్కున్నాకే పురుగులు. కానీ ఒకసారి మా ఆయన స్నేహితుడు భోజనానికొచ్చి, నూడుల్స్ రెండోసారి వడ్డించుకుంటూ, "ఎంత తిన్నా ఒంటికి పట్టదండీ, కడుపులో ఏదో పురుగు ఉన్నట్టుంది," అన్నాడు. అలా అనడం అతని తప్పే. "ఏ పురుగు?" అనేశారు మామగారు. అత్తయ్య బల్ల కింద కాలు తొక్కింది గానీ, ఆ కాలు నాది.

"బద్దెపురుగు అయితే ఎంత పొడుగుంటుందో తెలుసా నాయనా? అమ్మాయ్, నీ టేపు ఒకసారి ఇలా తే."

నేను కొలతల టేపు తెచ్చాను. చాలదన్నారు. రెండోది తెచ్చాను. రెండూ ముడేసి, ఒక కొస స్నేహితుడి చేతికిచ్చి, ఇంకో కొస పట్టుకుని వరండాలోకి నడిచారు. అక్కడినుంచి, "ఇంకా ఉంది!" అని కేక. స్నేహితుడు తన కంచంలోని నూడుల్స్‌ని ఒక్కసారి చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆ తర్వాత అతను మా ఇంటికొస్తే మంచినీళ్ళతో సరిపెట్టుకునేవాడు.

మా పై వాటాలో ఇద్దరు ఇల్లాళ్ళు ఆరేసిన బట్టల నీళ్ళు కారుతున్నాయని ఒకరోజు పోట్లాడుకున్నారు. మాటా మాటా పెరిగి ఒకావిడ, "నువ్వు పురుగులు పడి పోతావే!" అంది. మామగారు పళ్ళు తోముకుంటున్నవారల్లా నురుగు నోటితోనే మెట్లెక్కారు.

"ఏ పురుగులమ్మా?"

ఆవిడ తిట్టడానికి ఎత్తిన చెయ్యి దించింది.

"ఎందుకంటే, మీరనేవి ఈగ పిల్లలు. అవి పురుగులు కావు. పైగా బతికున్న మనిషికి అంత తేలిగ్గా పట్టవు. ఈవిడ శుభ్రంగా ఉంటారు, ఈవిడకి అసలు పట్టవు."

తిట్లు తిన్నావిడకి తనని శుభ్రం అన్నందుకు సంతోషం వేసింది. తిట్టినావిడకి, "అంటే నేను శుభ్రంగా లేనా?" అని పౌరుషం వచ్చింది. తర్వాత ఇద్దరూ ఏకమై ఆయన్ని తిట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులు.

మా ఆయన ఒక సాయంత్రం ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మా మేనేజరు నన్ను పురుగును చూసినట్టు చూస్తున్నాడు నాన్నా."

"ఏ పురుగును?"

"నాన్నా, నేను బాధలో ఉన్నాను."

"నేనూ అందుకే అడుగుతున్నానురా. వానపామునైతే మహా గౌరవం. నేలనంతా గుల్ల చేసి పంటకు ప్రాణం పోసేది అదే. ఆయన ఎలా చూశాడు, కాస్త ఆలోచించి చెప్పు."

మా ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తూ నవ్వేశాడు. మర్నాడు మేనేజరు ఎంత చిటపటలాడినా, నేను వానపామును, నేను వానపామును అనుకుంటూ కూర్చున్నాడట.

ఇదంతా చూసి చూసి, ఆయన పిచ్చి ఆయనకానందం అనుకుని నేను సర్దుకుపోయాను. ఇంతలో ఆ పిచ్చి నా కుట్టు మిషను దాకా వచ్చింది.

ఇంటి ముందు గదే నా కుట్టుకొట్టు. ఒకరోజు ఆయన ఆసుపత్రి నుంచి వస్తూనే అగ్గిపెట్టె తెరిచి నా ముందు పెట్టారు. అందులో చిన్న నూలు పోగు. "ఇదేమిటో చెప్పమ్మా."

"దారం మామయ్యా."

"ఏ దారం?"

పురుగులు చాలక దారాల్లోకి కూడా దిగారా అనుకున్నాను. అయినా వెలుగులో పట్టుకుని చూసి, పత్తి అన్నాను. అప్పటినుంచి తరచూ ఒక అగ్గిపెట్టె తేవడం మొదలుపెట్టారు. ఒకసారి ఊలు పోగు, ఒకసారి దుప్పటి నూగు, ఒకసారి ఉత్త దుమ్ము. ఎవరివి, ఎందుకు అంటే, "రోగుల సంగతులు ఇంట్లో మాట్లాడకూడదమ్మా," అనేవారు. అదేమిటి, బద్దెపురుగుల సంగతి వరండా దాకా మాట్లాడొచ్చా అని అడగబోయి ఊరుకున్నాను.

ఒకరోజు ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే తీసుకుని లాబ్‌కి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. ఆయన ఎదురుగా స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. చేతుల నిండా గోళ్ళతో గీరుకున్న ఎర్రటి చారలు. వేళ్ళ మధ్య అగ్గిపెట్టె.

"మళ్ళీ దొరికిందా తల్లీ? ఏ పురుగు?" అని అడుగుతున్నారు మామగారు.

"తెల్లగా, సన్నగా ఉందండీ. మోచేతి దగ్గర గుచ్చింది."

"కదిలిందా?"

"కదిలినట్టే అనిపించింది."

"అయితే చూడాల్సిందే."

కళ్ళజోడు నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు మైక్రోస్కోపులో చూశారు. తర్వాత లేచి ఆవిడని తన కుర్చీలో కూర్చోబెట్టారు. "నువ్వే చూడు. పురుగైతే ఒక తల ఉండాలి, తోక ఉండాలి, మధ్యలో పేగు ఉండాలి. దీనికి మెలి తప్ప ఏమీ లేదు. ఇది పత్తి. మా కోడలు, ఇదిగో ఈవిడే, పోగు చూసి బట్ట పేరు చెప్పేస్తుంది."

ఆవిడ ఒంటి కన్నుతో లోపలికి చూస్తూ, "అయితే నా ఒంట్లో పురుగుల్లేవంటారా?" అంది.

"ఈ పెట్టెలో లేవు. నీకు దురద మాత్రం నిజం. మళ్ళీ ఏది దొరికినా తీసుకురా. ఈసారి ఒంటి మీదివే కాదు, బట్టల కుట్లలో కూడా వెతుకు."

బయట బెంచీ మీద ఆవిడే నాతో చెప్పింది. బేకరీలో కౌంటరు దగ్గర పని. దురద మొదలయ్యాక చాలామంది డాక్టర్లకు చూపించుకుంది. ఒకాయన పురుగుల మందిచ్చాడు. మిగతావాళ్ళు పురుగూ లేదు ఏమీ లేదు, అంతా నీ భ్రమ, వెళ్ళి పడుకో అన్నారు. ఈలోపు సంగతి బేకరీ ఆయన చెవిన పడింది. పురుగులు పోయేదాకా కొట్టు గడప తొక్కొద్దన్నాడు.

"అదీ పోనీలెండి. మా పాపను ఎత్తుకుని ఎన్నాళ్ళయిందో. దానికి అంటుకుంటుందేమోనని దాని బట్టలు, దాని పక్క అన్నీ వేరు పెట్టేశాను. చేతులు చాస్తుంది, నేను అవతలికి జరుగుతాను." ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. "అందరూ లేదు లేదనేవాళ్ళే. ఏ పురుగమ్మా అని అడిగింది మాత్రం ఈయనొక్కరే."

ఆవిడ వెళ్ళాక నేను లోపలికెళ్ళాను. "మామయ్యా, ఆవిడకి పురుగుల్లేవని మీకు మొదటిరోజే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి ఆ మాటే చెప్పి పంపేయొచ్చుగా?"

"చాలామంది చెప్పి పంపేశారుగా. లేదు అనేస్తే మనిషి లేచి ఇంటికెళ్ళిపోతుంది, పురుగు కూడా వెంటే వెళ్తుంది. ఏ పురుగు అని అడిగితే కాసేపు కూర్చుంటుంది. కూర్చుంటే ఏదో ఒకటి బయటపడుతుంది." ఆయన అద్దం పలక తుడుచుకుంటూ, నాతో వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా అన్నారు ఆ మాట.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన తెచ్చిన అగ్గిపెట్టె నన్నూ ఓడించింది. ఆవిడ తన జాకెట్టు కుట్టులోంచి ఏరి తెచ్చిన చిన్న తెల్లటి పీచు. మెలి లేదు, నూగు లేదు. వంచితే పుటుక్కున విరుగుతోంది. ముట్టుకుంటే వేలికి గుచ్చుకుంది. పత్తి కాదు, ఊలు కాదు, పట్టు కాదు. సాసర్లో వేసి, భోజనాల బల్ల మీద పెట్టి, ఇద్దరం చెరో వైపు నుంచీ వంగి చూస్తున్నాం. అత్తయ్య కంచాలు తెచ్చింది.

"అన్నం తినే చోట మళ్ళీ పురుగులా?"

"పురుగు కాదోయ్. ఏమిటో తెలియడం లేదు."

"మీకు తెలియకపోతే పోయె, నాకు తెలుసు దీన్నేం చెయ్యాలో," అని అత్తయ్య ఆ పీచును పట్టకారుతో అందుకుని వంటింట్లోకి నడిచింది. స్టవ్ వెలిగించిన చప్పుడయింది. మరుక్షణం కేక.

"ఏవండీ! మీ పురుగు నిప్పుల్లో కూడా చావడం లేదండీ!"

మేమిద్దరం పరుగెత్తాం. మామగారు గుమ్మంలోంచే, "ఏ..." అనబోయారు.

"ఏ పురుగని అడిగారంటే ఈ పట్టకారుతో చెబుతా!" అంది అత్తయ్య.

నేను దగ్గరికెళ్ళి చూశాను. పత్తి కాలితే కాగితం వాసన వస్తుంది. ఊలు కాలితే వెంట్రుకలు కాలిన వాసన. నైలాను కరుగుతుంది, కానీ పొగ వస్తుంది, కంపు కొడుతుంది. దీనికి మంట లేదు, పొగ లేదు, వాసన లేదు. ఎర్రగా మెరిసి, ముడుచుకుని, చల్లారాక ఇసుకరేణువంత తళతళలాడే చుక్క మిగిలింది.

మామగారు ఆ చుక్కకు భూతద్దం పెట్టి, "గాజు!" అని అరిచారు. "అమ్మాయ్, ఇది గాజు పీచు! ఆ తల్లికి గుచ్చుకుంటున్నది గాజు!" ఆ ఆనందంలో అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని, పట్టకారుతో సహా, వంటింట్లో గిర్రున తిప్పేశారు. "వదలండి, స్టవ్ ఆర్పనివ్వండి!" అని అత్తయ్య అరుస్తూనే ఇంకో చుట్టు తిరిగింది.

మర్నాడు ఆ బేకరీ ఆవిడనీ ఆవిడ భర్తనీ పిలిపించి అడిగితే ముడి విడిపోయింది. అతను పెద్ద పెద్ద ఓవెన్లు తయారుచేసే చోట పనిచేస్తాడు. వేడి బయటికి పోకుండా వాటి గోడల మధ్య తెల్లటి దూదిలాంటిది కూరతారు. అది దూది కాదు, గాజు పీచు. ఆవిడకి దురద మొదలవడానికి కాస్త ముందే అతన్ని ఆ పనికి మార్చారు. అతని పని బట్టలూ ఈవిడ బట్టలూ ఒకే తొట్టిలో నానుతున్నాయి.

"మరి నాకెందుకు లేదు సార్ దురద?" అన్నాడతను.

"మొదట్లో లేదా?"

అతను బుర్ర గోక్కున్నాడు. "ఉండేది సార్. తర్వాత అలవాటైపోయింది."

"పాపకు రాలేదంటే, మీ ఆవిడ పాప బట్టలు విడిగా ఉతికింది కాబట్టే. ఆవిడ భయపడింది లేనిదానికే, కానీ కాపాడింది ఉన్నదాన్నుంచి," అన్నారు మామగారు.

బట్టలు వేరుగా ఉతకడం మొదలుపెట్టాక దురద పోయింది. చారలు మానాయి. బేకరీ ఆయన మాత్రం ససేమిరా అన్నాడు. అప్పుడు మామగారే స్వయంగా వెళ్ళారు. తోడు నేనూ వెళ్ళాను. కొట్టు నిండా జనం.

"పురుగులున్న మనిషిని తినే వస్తువుల దగ్గర ఎలా పెట్టుకోమంటారండీ?" అన్నాడు యజమాని.

పాపం, అతనికి తెలియదు.

"ఏ పురుగు?" అన్నారు మామగారు.

వెనకటి వైద్యులు పంటి పురుగు గురించి ఏమనుకునేవారో అక్కడినుంచి మొదలుపెట్టారు. సంచి దగ్గరికొచ్చారు. నత్త, జలగ అయ్యాయి. కొనడానికొచ్చినవాళ్ళు కొనడం మాని వింటున్నారు. ఒక ముసలాయన, "కడుపులో ఉండేది ఎంత పొడుగుంటుందండీ?" అని అడిగాడు. మామగారు నా వైపు తిరిగి, "అమ్మాయ్, టేపు తెచ్చావా?" అన్నారు. కేకు కొనబోతున్న ఇద్దరు కేకు అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఆవిడని రేపట్నుంచే రమ్మనండి!" అన్నాడు యజమాని, నిజంగానే చేతులు జోడించి.

తర్వాతి ఆదివారం ఆ భార్యాభర్తలు పాపను తీసుకుని మా ఇంటికొచ్చారు. అతని పని బట్టలు ఇంటి గుడ్డలతో కలవకుండా వేసుకోవడానికి మూతి బిగించే గట్టి సంచి ఒకటి, పైన తొడుక్కోవడానికి పొడుగు చేతుల కోటు ఒకటి కుట్టిపెట్టమన్నారు. నేను అతని కొలతలు తీసుకుంటుంటే అతను తల వంచుకుని, "ఇన్నాళ్ళూ మా ఇంట్లో పురుగును నేనేనా సార్?" అన్నాడు.

మామగారు కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నారు.

"కాదు నాయనా. నువ్వు మనిషివే," అన్నారాయన. "విడిగా ఉతకాల్సిన మనిషివి, అంతే."

అందరం ఘొల్లుమన్నాం. అందరికంటే గట్టిగా అతనే నవ్వాడు. మా నవ్వుల మధ్యనుంచి ఆవిడ ఉష్ అంది. చూస్తే పాప వాళ్ళమ్మ భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. ఆవిడ చీర భుజం సగం చొంగతో తడిసింది. కుర్చీలో సర్దుకుని కూర్చోమని అత్తయ్య సైగ చేస్తే, కదిలితే లేస్తుందని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

నేను మిషను ఆపేశాను. మామగారు ఏదో చెప్పబోతే అత్తయ్య వేలు చూపించింది. ఆ మధ్యాహ్నం పాప తనంతట తాను నిద్ర లేచేదాకా మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. అత్తయ్య మామగారిని తిట్టాల్సినవి కూడా గుసగుసగానే తిట్టింది.